పాట కింద ఊపిరి

బండిని చూసి తిప్పన్న నవ్వాడు. నవ్వితే ఊపిరి అందదని తెలిసీ నవ్వాడు.

"ఇల్లుండి గూడ ఇంగో ఇంటికి చక్రాలు కట్టుకోని షోకుకు తిరుగుతారంటనా? మనం ఇల్లు ల్యాక తిరిగితే గుడిసెలు పీకేసిరి గదనే," అని పెండ్లాం ఈరమ్మతో అంటూ దగ్గాడు.

ఒకప్పుడు టూరిస్టులను తిప్పిన బండి అది. లోపల మంచం, గోడకు మడిచిపెట్టే బల్ల, చిన్న పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, ఒక మనిషి ఒదిగి నిలబడగలిగే స్నానాల గది. టూరిస్టు కంపెనీ దివాలా తీస్తే పట్నంలోని పరిశోధనశాల అలాంటి బండ్లను పాత సామాను కింద కొన్నది. కొనడానికి చందా ఇచ్చింది మిల్లు ఓనర్ల సంఘం. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా బండి పక్కన వాళ్ల పేరు తాటికాయంత అక్షరాలతో రాయించుకున్నారు.

తిప్పన్న పనిచేసింది ఆ మిల్లుల్లోనే. పలుగురాయిని పిండి చేసి బస్తాలకెత్తే పని. ఆ తెల్లటి పిండి గాజుపొడి లాంటిది. పీల్చినవాడి రొమ్ములో చేరి మళ్లీ రాయై కూర్చుంటుంది. డాక్టర్లు ఆ జబ్బుకు ఇంగ్లీషులో ఒక పేరు పెట్టారు. ఓనర్లు మాత్రం దాన్ని క్షయ అన్నారు. క్షయ అయితే ఓనరు పైసా ఇవ్వక్కర్లేదు.

తిప్పన్న కూతురు సుంకులమ్మ ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. పరిశోధనశాల మెకానిక్కు హుసేని బండి మీదికెక్కి, జొన్నరొట్టెంత బిళ్లను పైకప్పు రేకు నడిమధ్యన అతికించాడు. అదే యాంటెన్నా. దాని వైరును గాలికిటికీలోంచి లోపలికి దింపి, మంచం తలాపున రేడియో పెట్టెకు బిగించాడు. ఇళ్లున్నచోట ఉపగ్రహానికి కొండ అడ్డం. ఉపగ్రహం నైరుతి మూలన ఆకాశంలో కదలకుండా నిలబడి ఉంటుంది. అందుకే బండిని ఊరికవతల బీటి మీదికి తోలుకొచ్చారు. హుసేని స్టీరింగు పట్టుకున్నాడు, సుంకులమ్మ పెట్టె మీది సిగ్నల్ గీతలు చూస్తూ కిటికీలోంచి కేకలేసింది.

"ముందరికి రానీ! ఇంగొంచెం! యాడికి పోతాండావురా, ఎనక్కి! ఎనక్కి!"

"అక్కా, ముందరికంటివి, ఎనక్కంటివి. నేనేమన్న గానుగెద్దునా?"

"నైరుతి మూలన బరువుండల్లంటారు," అన్నాడు తిప్పన్న చెట్టు కింద నులకమంచం మీద కూర్చుని. "ఆకాశంలో యంత్రం పెట్టినోనికి గూడ వాస్తు తెల్సు."

గీతలన్నీ నిండాయి. పెట్టెలోంచి పాత పాటొకటి గలగలమని వచ్చింది. ఈరమ్మ మొగుణ్ణి లోపలికి నడిపించి మంచం మీద పడుకోబెట్టింది. సుంకులమ్మ నాయన పొట్ట చుట్టూ వెడల్పాటి బెల్టు కట్టి, దాని తీగను పెట్టెకు తగిలించింది. పాట సాగుతూనే ఉంది. పాట కింద, చెవికి వినబడకుండా, ఇంకోటి దిగింది. తిప్పన్న పొట్ట మెల్లగా లేచింది. మెల్లగా దిగింది. ఏళ్ల తరబడి ఎగపీలుస్తున్న మనిషి నోరు మూసుకుని ముక్కుతో పీల్చాడు. ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు ఎవురిది పాపా?" అన్నాడు కూతురితో.

"జెకర్యా అన్నది. నాది రేప్పొద్దున్నుంచి."

"వాడు బాగా తిని కూసున్నెట్టుండాడు. బరువుగా వస్తాంది," అన్నాడు తిప్పన్న, ఒక్క దగ్గు కూడా దగ్గకుండా.

*

అది మనిషి ఊపిరి. బతికున్న మనిషిది.

మొదట పరిశోధనశాల డాక్టర్ హేమావతి యంత్రంతోనే ప్రయత్నించింది. గడియారంలా కొట్టే తాళం ఒకటి పంపి, బెల్టు ద్వారా రోగి పొట్టను ఆడించింది. కొన్నాళ్లు ఆడింది, తర్వాత ఒళ్లు మొరాయించింది. మనిషి ఊపిరిని రికార్డు చేసి పంపినా అంతే. అవతల ఎవరూ లేరని ఒంటికి తెలిసిపోయినట్టు బిగుసుకుపోయేది. ఎందుకో ఆమెకూ అంతు పట్టలేదు.

ఆ రోజుల్లోనే తిప్పన్నను ఆస్పత్రిలో చేర్చారు. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా సుంకులమ్మ నాయన తలను తన రొమ్ముకు ఆనించుకుని కూర్చునేది. ఆమె పీల్చినప్పుడు ఆయన పీల్చేవాడు, వదిలినప్పుడు వదిలేవాడు. ఆ వార్డు గుమ్మంలో డాక్టర్ నిలబడిపోయి చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది, "నీకు ఉద్యోగం ఉందా అమ్మా?"

అట్లా సుంకులమ్మ కుర్చీలో కూర్చుంది. నడుముకొక పట్టీ, ఎదురుగా ఒక బోర్డు. బోర్డు మీద ఒక్కో రోగి పెట్టెకు ఒక్కో పచ్చదీపం. ఆమె ఊపిరి పైకి పోయి, ఉపగ్రహాన్ని తాకి, పాటల కింద దాక్కుని, మిల్లులున్న ఊళ్లన్నిటికీ దిగుతుంది. సెల్‌ఫోను టవర్లను నమ్మే వీల్లేదు. మాట తెగితే మళ్లీ అడగొచ్చు, ఊపిరి తెగితే ఎవరిని అడగాలి?

కుర్చీలో ఉన్నంతసేపు నవ్వకూడదు, ఏడవకూడదు. దగ్గొస్తే అదిమిపెట్టాలి. ఒకసారి ఆయా చెప్పిన మాటకు ఆమె పకపకా నవ్వితే, ఊరూరా మంచాల మీది మనుషులు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. అప్పటినుంచి ఆ ఆయాను ఆ గదిలోకి రానివ్వలేదు. జెకర్యా చర్చిలో పాడేవాడు, ఈ పనికొచ్చాక పాట మానేశాడు. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కాలంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, రెండు ఊపిర్లూ ఒక్కటయ్యేదాకా పీల్చాలి. దాన్ని జత కలపడం అనేవాళ్లు. అది తొందరపెడితే జరిగేది కాదు.

ఇంకో సంగతి డాక్టర్‌కు ఆలస్యంగా తెలిసింది. కొన్ని నెలలు ఈ ఊపిరి మీద బతికినవాళ్ల ఒళ్లు సొంతంగా పీల్చడం మరిచిపోతోంది. ఆ మాట సుంకులమ్మకు చెప్పింది. రోగుల ఇళ్లలో చెప్పలేదు. "భయపడి బెల్టు తీసేస్తే ఆ రోజే పోతారు. చెప్పి ఏం లాభం?" అంది. సుంకులమ్మ కూడా ఊరుకుంది.

*

ఈరమ్మకు చదువు లేదు, మొగుని పొట్ట చూసి కూతురి సంగతులు చదవడం మాత్రం వచ్చింది.

"నిన్న సద్ది తినకుండా కూసున్న్యావు గదా?" అనేది ఫోనులో. "మీ నాయనకు దినమంతా ఊపిరి పైపైనే ఆడె."

"ల్యామ్మా, తిన్యా."

"నాతాన అబద్దాలు సెప్పాకు. నీకు జలుబు గూడ పట్టింది. ఈయప్ప ఊరికే ముక్కు ఎగబీలుస్తాండాడు."

తిప్పన్నకు ఒంట్లో సత్తువ చేరింది. సత్తువ చేరగానే నోరు లేచింది. ఆదివారం ఆదివారం హుసేనిని బతిమాలి బండిని మిల్లు గేటుకు పట్టించేవాడు. బెల్టుతోనే కిటికీలోంచి తల బయటపెట్టి, షిఫ్టు దిగేవాళ్లను పిలిచేవాడు.

"ఒరే, రాయి మింద నీళ్లు కొట్టమని అడగండిరా! తడిరాయి పిండి ల్యావదు. ఒక మోటరు, ఒక పైపు. అంతే గదరా వానికి ఖర్చు!"

"నీళ్లు కొడితే పిండి ముద్దవుతాదంట మామా. రేటు రాదంట."

"మీరు ముద్దయితే రేటొస్తాదంటనా?"

గేటు దగ్గర నవ్వులు. ఓనరు మనుషులు వచ్చి బండి తీయమనేవాళ్లు. బండి మీద ఉన్నది వాళ్ల సంఘం పేరే, తన్నలేక ఊరుకునేవాళ్లు. ఆకాశంలోంచి ఊపిరి దింపగల తెలివి ఈ లోకానికి వచ్చింది గానీ, రాయి మీద నీళ్లు చల్లే బుద్ధి రాలేదు.

*

రోహిణి కార్తె వచ్చింది. ఆ బీటి మీద చెట్టు నీడలో బండి పెట్టడానికి లేదు, ఆకులు అడ్డమొస్తాయి. రేకు కాలి బండి లోపల పెనంలా అయింది. ఫ్యాను తిరిగితే వేడిగాలే తిరిగింది. తిప్పన్న వీపంతా చెమటకాయలు. అడిగేవాడు కాదు, ఈరమ్మ చూస్తూ ఊరుకునేదీ కాదు.

ఆమె అందరిళ్లలో చేసేదే చేసింది. రేకుల ఇంట్లో పుట్టి రేకుల ఇంటికే కాపురానికి వచ్చిన మనిషి. ఎండాకాలం గోనెపట్టాలు తడిపి రేకుల మీద పరుస్తారు, లోపల చల్లబడుతుంది. మొగుడు రాగిసంకటి తిని కునుకు తీస్తుంటే, బోరింగు నుంచి నీళ్లు తెచ్చి, నిచ్చెనేసుకుని ఎక్కి, గోనెలు పరిచి, బిందె కుమ్మరించింది. పైకప్పు నడిమధ్యన జొన్నరొట్టెంత బిళ్ల కూడా ఆ తడిగోనె కిందికే పోయింది. దాని మీద ఇనుము పెట్టొద్దని పరిశోధనశాల వాళ్లు చెప్పారు, ఆమె పెట్టలేదు. తడిగోనె సంగతి వాళ్లు చెప్పలేదు. చెప్పాలని తోచడానికి ఆ పరిశోధనశాలలో ఎవరూ రేకుల కింద ఎండాకాలం గడిపినవాళ్లు కాదు. గడిపిన సుంకులమ్మకు కూడా తోచలేదు.

లోపలికి తొంగి చూసింది. చల్లబడుతోంది. మొగుడు ప్రశాంతంగా ఉన్నాడు. గోనెలు తొందరగా ఆరిపోతాయని ఇంకో బిందెకు బోరింగు దగ్గరికి పోయింది.

*

బోర్డు మీద నాయన దీపం పచ్చ నుంచి ఎరుపయింది.

సుంకులమ్మ చూసింది. ఊపిరి పీల్చింది, వదిలింది. చెయ్యెత్తి చూపించింది. డాక్టర్ హేమావతి పరుగున వచ్చి ఫోను అందుకుంది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. బండిలోనే చార్జింగుకు పెట్టిపోయింది ఈరమ్మ. మళ్లీ మోగింది. డాక్టర్ హుసేనికి చేసింది. అతను ఇంకో ఊళ్లో ఉన్నాడు, బయల్దేరతానన్నాడు.

"జెకర్యాను పిలవండి!" అని అరిచింది డాక్టర్.

జెకర్యా అన్నం చేతిని లుంగీకి తుడుచుకుంటూ వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. పరుగెత్తి వచ్చిన మనిషి, రొప్పుతున్నాడు. ఆ రొప్పు తగ్గాలి. తగ్గాక జత కలవాలి. సుంకులమ్మ కళ్లు ఎర్రదీపం మీదున్నాయి. లేచి పరుగెత్తాలని కాళ్లు లాగాయి. లేచి ఏం చేస్తుంది, ఎక్కడికి పోతుంది? ఆమె బిగబడితే మిగతా దీపాలన్నీ బిగబడతాయి. ఆ ఊళ్ల పేర్లు ఆమెకు తెలుసు. ఆ మనుషుల పేర్లూ తెలుసు.

నాయన కోసం పీల్చిన ఊపిరి నాయన తప్ప అందరికీ చేరుతోంది.

"సుంకూ, నెమ్మదిగా," అంది డాక్టర్, ఆమె భుజం మీద చెయ్యేసి.

సుంకులమ్మ బుగ్గల మీద నీళ్లు కారాయి. రొమ్ము మాత్రం కదలాల్సినట్టే కదిలింది. పైకి. కిందికి. పక్కన జెకర్యా కళ్లు మూసుకుని ఆమె వెంబడి పీల్చడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకటయ్యేటప్పటికి, రెండో బిందె దించుకున్న ఈరమ్మ ఫోనెత్తి అరుస్తోంది. మాటలు కావవి.

*

మన్ను వేసేటప్పుడు ఆడవాళ్లు సుంకులమ్మను పట్టుకుని కుదిపారు. "ఏడ్వు పాపా, ఏడిస్తేనే బరువు దిగుతాది." ఏడుపు రాలేదు. గొంతు దాకా వచ్చి, అక్కడ లెక్కగా, నెమ్మదిగా ఊపిరై బయటికి పోయింది. ఒళ్లు ఆ పని తప్ప ఇంకోటి మరిచిపోయింది.

కారణం ఆమెకు ఆ రోజే తెలిసింది. హుసేని బండి మీదికెక్కి, గోనెలు తీసి, కిందికి దిగి, ఆమె ముఖంలోకి చూసి తల వంచుకున్నాడు.

ఈరమ్మ మాత్రం వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పుకుంది. "మిల్లులో మండిపాయ, బండిలో మండిపాయ. ఆ పొద్దు మాత్రం సల్లగ పండుకున్న్యాడు. గోనెలు తడిపి ఏస్తి. సల్లగ పాయె నా మొగుడు. నా చేతనైంది ఆ ఒక్కటే."

ఆ మాట పట్టుకునే ఆమె బతుకుతోంది. దాన్ని తీసేసుకునేదెవరు?

సుంకులమ్మ కుర్చీకి తిరిగిపోయింది. డాక్టర్ ఒక కాగితం తయారు చేసింది. యాంటెన్నాకు అవరోధము కలిగించరాదు అని అందులో రాసి ఉంది.

"ఇది ఎవురికి అర్థమైతాది మేడమ్?" అంది సుంకులమ్మ. "తడిగోనె అని రాయండి."

"రాస్తే చదివేవాళ్లెందరు? రేడియోలో చెప్పాలి. ప్రతి పెట్టెలోనూ పాట ఆపి చెప్పాలి." డాక్టర్ ఆగింది. "మీ అమ్మ ఆ పెట్టె ఇంకా పెట్టుకునే ఉంది కదా?"

పెట్టుకునే ఉంది. మొగుడు లేని మంచం పక్కన కూర్చుని, బెల్టును ఒళ్లో వేసుకుని, అది లేచి దిగడం చూస్తూ ఉంటుంది. కూతురు తిన్నదో లేదో ఇప్పటికీ అందులోనే చూసుకుంటుంది.

"ఆమె చెవిన పడకుండా పెట్టె ముందు తీసుకొచ్చేయమని హుసేనితో చెప్తాను," అంది డాక్టర్.

"ఏమని చెప్పి తెస్తాడు?"

సుంకులమ్మ ఇంకా తేల్చుకోకముందే బోర్డు మీద ఇంకో దీపం ఎర్రబడింది. ఆ ఇంట్లోవాళ్లు వెంటనే ఫోనెత్తారు కాబట్టి, డాక్టర్ అరుపు విని గోనె లాగేశారు కాబట్టి, ఆ మనిషి బతికాడు. ఆ సాయంత్రం జెకర్యాతో జత కలిపి, సుంకులమ్మ బస్సెక్కింది.

*

ఈరమ్మ కూతురిని చూసి సంకటి గెలకబోయింది. సుంకులమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఎట్లా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది, ఒక్క మాటా గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. తడిగోనె, దాని కింద బిళ్ల, దిగని ఊపిరి.

ఈరమ్మ బెల్టు వంక చూసింది. జెకర్యా ఊపిరికి అది లేచి దిగుతోంది.

"నీకెప్పుడు తెల్సు?"

"ఆ పొద్దే."

"మన్నేసేటప్పుడు గూడ తెల్సునా?"

"తెల్సు."

"ఇప్పుడేంటికి సెప్తివి మే? సెప్పకపోయింటే సచ్చేదాకా సల్లగుండేదాన్ని గదా."

సుంకులమ్మ అమ్మ చెయ్యి వదల్లేదు. ఈరమ్మే మళ్లీ అంది, ఈసారి గొంతు వేరుగా ఉంది. "మిగతావోళ్లు గూడ పరుస్తారు గదా గోనెలు."

"పరుస్తాండారమ్మా. నిన్న ఒగాయప్ప కొద్దిలో తప్పిచ్చుకున్న్యాడు."

"ఎవురు సెప్తారు వాళ్లకు?"

"నేను సెప్తా."

"నువ్వు సెప్తే ఆపీసోళ్లు ఏందో సెప్తాండార్లే అనుకుంటారు. ఒగ చెవున ఇని ఇంగో చెవున ఇడుస్తారు." ఈరమ్మ లేచి ముఖం కడుక్కుంది. "గోనె పరిచింది నేను. నేనే సెప్పల్ల."

*

మరునాడు కుర్చీలో సుంకులమ్మ ఉంది. అద్దం అవతలి గదిలో, పాటలు వేసే మైకు ముందు, ఈరమ్మ చీరకొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. పాట ఆగింది. మైకు మీద ఎర్రలైటు వెలిగింది. ఇంక ఆమె గొంతు కిందే కూతురి ఊపిరి అన్ని ఊళ్లకూ పోతుంది.

"నా పేరు ఈరమ్మ. తిప్పన్న పెండ్లాన్ని. మీ బండ్ల మింద, మీ రేకుల మింద తడిగోనెలు పరిచింటే ఇప్పుడే ల్యాసిపోయి తీసేయండి. నా మాట తర్వాత ఇనచ్చు. పోండి." ఆగింది. నిజంగానే వాళ్లు వెళ్లి రావడానికి వదిలినట్టు ఆగింది. "తీసినారా? తడిగోనె కింద ఊపిరి దిగదంట. నాకు తెల్దు. సల్లగుంటాదని పరిస్తి. ఈ చేతుల్తోనే నీళ్లు మోసి పోస్తి. నా మొగుడు పాయె. రేపు మాకు తెల్దని మీరు అనగాకండి. నేను సెప్తాండా గదా."

డాక్టర్ చాలన్నట్టు తల ఊపింది. ఈరమ్మ చూడలేదు.

"ఇంగొగ మాట. గోనెల మింద నేను పోసిన నీళ్లు మిల్లులో రాయి మింద పోసింటే ఆ పిండి ల్యాసేదే గాదు. మాయప్ప గేటుకాడ అదే అరుస్తాండె. మనుషుల రొమ్ములు రాయి జేసి, పైనుంచి ఊపిరి పంపిచ్చి, బండికి పేరు రాపిచ్చుకుంటే సరిపాయనా? మిల్లోల్లారా, నీళ్లు కొట్టండి. కొట్టేదాకా పనోళ్లు ఎవురూ మిల్లులోకి పోగాకండి."

డాక్టర్ హేమావతి చెయ్యి స్విచ్చు దాకా పోయింది. బండ్లకు చందా ఎవరిచ్చారో ఆమెకు తెలుసు. ఆ చెయ్యి అక్కడ కాసేపు నిలబడి, తిరిగి ఒళ్లోకి వచ్చింది.

అద్దం ఇవతల సుంకులమ్మ ముఖమంతా తడిసిపోయింది. రొమ్ములోంచి ఒక వెక్కు పైకి తన్నుకొస్తోంది. దాన్ని పళ్ల బిగువున అదిమి, లెక్కగా పీల్చింది. బోర్డు మీద దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి.

ఈరమ్మ తలెత్తి కూతురిని చూసింది. లేచి వచ్చి అద్దానికి అరచెయ్యి ఆనించింది. మైకు ఇంకా ఆపలేదు. ఆ మాట ఊరూరా వినబడింది.

"నువ్వేడ్వగాకు పాపా. నేనేడుస్తాలే. నా ఊపిరి మింద ఎవురూ బతకడం ల్యా గదా."

అని, అద్దం కిందే నేల మీద కూలబడి, గొంతెత్తి ఏడ్చింది. సుంకులమ్మ ఊపిరి పీల్చింది. వదిలింది. మళ్లీ పీల్చింది.